మూడో రెక్క

కిందటి వారం మెర్సీని రంపం మిషను దగ్గర నిలబెట్టి వదిలేశాం. ఆమె చేతిలో అరచెయ్యంత ఉక్కు ముక్క ఉంది. జనవరిలో కాట్రేనికోన దగ్గర గ్యాసు బావి తవ్వే రిగ్గు మీద ఆమె భర్త జాయ్ ప్రాణం పోవడానికి కారణమైన స్టెబిలైజరు నుంచి కోసిన ముక్క అది. డ్రిల్లింగ్ గొట్టాలు బావిలో అటూ ఇటూ ఊగకుండా నిలబెట్టే మూడు రెక్కల ఇనప దిమ్మని స్టెబిలైజరంటారు. రెక్కలు రాతికి రాసుకుని అరిగిపోకుండా వాటి మీద గట్టి ఉక్కు పొర వేస్తారు. రాజోలు శివార్లలో మెర్సీ పనిచేసే షెడ్డులో జరిగేది ఆ పనే. జాయ్ నిలబడకూడని చోట నిలబడి చచ్చిపోయాడని విచారణ కాగితంలో రాసేశారు. కాదు, పొర ఊడి గొట్టం ఇరుక్కుందనీ, దాన్ని లాగబోతేనే ప్రమాదం జరిగిందనీ మెర్సీ అర్జీ పెట్టింది. శుక్రవారం నాలుగింటిలోగా రుజువు చూపించమన్నారు. ఆ శుక్రవారం పొద్దున్న ముక్క కోసి ఆసిడ్ రాసి చూస్తే, మూడో రెక్క మీద పొరకీ కింది ఉక్కుకీ మధ్య వెంట్రుకంత నల్లగీత కనబడింది. అతుకు పడలేదు. ఇది ఎవరు వేశారా అని తలెత్తేసరికి వెనకాల కృష్ణమూర్తిగారు ఉన్నారు.

"అది నేను వేసిందేనమ్మా," అన్నారాయన.

మెర్సీకి మాట వినబడింది గానీ బుర్రకెక్కలేదు. రంపం మిషను ఇంకా తిరుగుతూనే ఉంది. ఆయనే వంగి స్విచ్చి ఆపేరు. ఆపేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు తుండుగుడ్డ తీసి తుడుచుకోవడం మొదలెట్టేరు. వాటికి మట్టేమీ లేదు.

"మీరు వేసింది ఊడదు బాబాయిగారూ," అంది మెర్సీ. "ఎనిమిదేళ్లుగా చూస్తున్నాను. మీరు వేసింది ఒక్కటీ ఊడలేదు."

"ఇది ఊడింది."

"వయసు మీద పడి మర్చిపోయేరేమో. రిజిస్టర్లో చూద్దాం పదండి."

"రిజిస్టర్లో ఉన్నది నా సంతకమే. చూడక్కర్లేదు. కూర్చోమ్మా."

మెర్సీ కూర్చోలేదు. కృష్ణమూర్తిగారే పక్కనున్న చెక్కపెట్టె మీద కూలబడ్డారు. అరవై దగ్గర పడుతున్న మనిషి. ఆ షెడ్డులో పొర వేసే రాపిడి మిషను మొట్టమొదట తిప్పింది ఆయనే. పాలిటెక్నిక్ చదువు చేతబట్టుకుని మెర్సీ గుమ్మంలోకొచ్చిన రోజున, ఆడపిల్లకి ఇనప షెడ్డులో ఏం పనని ఓనరు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు నసుగుతుంటే, "దానికి చెవీ కన్నూ ఉన్నాయండి, నాకు చాలు" అని లోపలికి తీసుకొచ్చింది ఆయనే. శబ్దతరంగాలు పంపి పొర అడుగున బోలు ఉందో లేదో చెప్పే చిన్న మిషను ఆమె చేతికిచ్చి నేర్పించిందీ ఆయనే. అదే షెడ్డులో పనిచేసే జాయ్‌ని ఆమె ఇష్టపడిందని ఆమె కంటే ముందు కనిపెట్టి, జాయ్ తల్లి సువార్తమ్మ దగ్గరకి వెళ్లి మాట్లాడిందీ ఆయనే. జనవరిలో సమాధుల దొడ్లో ఆఖరి పార మట్టి పడేదాకా తలమీద తుండుగుడ్డ కప్పుకుని నిలబడ్డారు. ఆ తరవాత ప్రతీ ఆదివారం ప్రార్థన అయ్యే వేళకి భార్య మంగాయమ్మ చేసిన కొబ్బరి లౌజు డబ్బాతో వచ్చేవారు. పాప హెప్సీని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏమీ మాట్లాడకుండా ఓ గంట ఉండి వెళ్లిపోయేవారు.

"ఎప్పుడు వేశారు?" అంది మెర్సీ.

"పోయిన ఆగస్టు పద్నాలుగున."

ఆ తేదీ మెర్సీకి ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు. హెప్సీ పుట్టిన రోజు.

"ఆ రోజున నువ్వు అమలాపురం ఆసుపత్రిలో ఉన్నావు," అన్నారు కృష్ణమూర్తిగారు. "ఈ స్టెబిలైజరు మీద పని జాయ్ చేస్తున్నాడు. రెండు రెక్కలు ముందురోజే అయిపోయేయి. మూడోది పొద్దున్న మొదలెట్టేడు. సగంలో ఉండగా నీకు ఆపరేషను చెయ్యాలి, సంతకానికి రమ్మని ఫోనొచ్చింది. మొహం పాలిపోయి నా దగ్గరకొచ్చేడు. 'బాబాయ్, సగమైంది, ఆపేశాను' అన్నాడు. నువ్వెళ్లరా, నేను చూసుకుంటానన్నాను. అదిగో, అక్కడే చేశాను పాపం."

ఆ పని ఎలా జరుగుతుందో మెర్సీని నిద్రలో అడిగినా చెప్పగలదు. గట్టి ఉక్కు కడ్డీ బొంగరంలా తిరుగుతూ రెక్క మీద ఒత్తుకుంటుంది. ఆ రాపిడికి కడ్డీ కొన ఎర్రబడుతుంది, కానీ కరగదు. చలిమిడి ముద్దలా మెత్తబడుతుంది. కింద బల్ల నెమ్మదిగా జరుగుతుంటే, మెత్తబడ్డ ఉక్కు రెక్కకి అతుక్కుంటూ పరుచుకుపోతుంది. ఒకసారి మొదలెట్టిన రెక్క చివరిదాకా ఆగకుండా పోవాలి. మధ్యలో ఆగితే, వేసిందంతా గ్రైండింగు చేసి తీసేసి, శుభ్రం చేసి, మళ్లీ మొదటి నుంచి వెయ్యాలి. ఈ నియమం గోడ మీద రాయించింది కృష్ణమూర్తిగారే.

"తీసేసి మళ్లీ వెయ్యలేదా?"

"లేదు."

"బాబాయిగారూ!"

"లారీ గేటు దగ్గర కాసుకుని ఉంది. రిగ్గు వాళ్లు ఫోను మీద ఫోను. తీసి మళ్లీ వెయ్యాలంటే సాయంత్రమవుతుంది. పైగా నా బుర్ర ఇక్కడ లేదమ్మా, నీ దగ్గరుంది. బిడ్డ అడ్డం తిరిగిందని వాడు చెప్పి వెళ్లేడు. మీటలన్నీ మొదటికి తిప్పుకుని, వాడు ఆపిన చోట నుంచే ఎత్తుకుని చివరిదాకా వేసేశాను. చల్లారిన అంచు మీద వెయ్యకూడదని తెలుసు. తెలిసే వేశాను. రంగునీళ్ల పరీక్ష చేశాను. పైన పగుళ్లేమీ కనపళ్లేదు."

"రంగునీళ్లకి పైపైనుండేదే కనబడుతుంది. అడుగున అతుకు పడిందో లేదో నా మిషను చెప్పాలి."

"నువ్వు లేవుగా," అన్నారాయన. ఆమె మీద తప్పు పెడుతున్నట్టు కాదు, తనకి తాను మళ్లీ ఓసారి చెప్పుకుంటున్నట్టు అన్నారు. "రెణ్ణెల్లు ఆగి నువ్వొచ్చేదాకా దాన్ని ఓ మూల పడేసినా సరిపోను. సంతకం పెట్టి ఎక్కించేశాను. నాలుగింటికి వాడు ఫోను చేసి, 'ఆడపిల్ల, బాబాయ్' అన్నాడు. నేను షెడ్డులో అందరికీ మిఠాయి పంచేను."

ఆ మిఠాయి సంగతి జాయ్ ఆమెకి చెప్పేడు. నవ్వుతూ చెప్పేడు. నవంబరులో రిగ్గు మీద పని దొరికి వెళ్లిపోయేడు. వెళ్లిన మూడో నెలలో, బావిలో ఉన్న ఈ దిమ్మ మీద పొర రేకులుగా లేచి, రాతికీ రెక్కకీ మధ్య ఇరుక్కుంది. గొట్టాలు పైకి రాలేదు, కిందకి పోలేదు. బలంగా లాగేరు. లోపల ఎక్కడో గొట్టం తెగింది. తెగిన విసురుకి పైనున్న గొట్టం ఎగిరిపడి, గొట్టాలు బిగించే బరువైన పట్టకారుని తన్నింది. అది తిరిగి వచ్చి జాయ్ గుండెల మీద తగిలింది. ఆసుపత్రికి తీసుకెళ్లే దారిలోనే పోయేడు.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"వాడు పోయిన మూడో రోజున. ఏ బావిలో ఏ దిమ్మ దింపేరో ఆ నెంబర్ల కాగితం వచ్చింది. ఈ నెంబరు చూశాను."

"మూడో రోజునే," అంది మెర్సీ. "ఆరు నెలలయింది బాబాయిగారూ. జాయ్ ఫోను చూసుకుంటూ నిలబడ్డాట్ట, అందుకే తగిలిందిట అని ఊళ్లో అనుకుంటుంటే మా అత్తయ్య వారాల తరబడి ప్రార్థన గుడికి వెళ్లడం మానేసింది. దారిలో ఎవరేనా ఆపి అడుగుతారని. మీకు తెలుసది. మా అరుగు మీద కూర్చుని విన్నారు. విని, నా కూతుర్ని ఒళ్లో పెట్టుకుని ఊపేరు. ఎలా కూర్చోగలిగేరండీ?"

కృష్ణమూర్తిగారు తలెత్తలేదు.

"ప్రతీ ఆదివారం చెప్పెయ్యాలనే వచ్చేవాణ్ణమ్మా. అది నా వేలు పట్టుకునేది. మళ్లీ ఆదివారం చూద్దాంలే అనుకునేవాణ్ణి. వాడపల్లి స్వామి గుడికి ఏడు శనివారాలు తిరిగేను. ఎనిమిదో శనివారం కాళ్లు రాలేదు. ఆ స్వామికి చెప్పుకుంటే లాభమేంటి, చెప్పాల్సింది సువార్తమ్మగారికి కదా అనిపించింది."

"మీరు నాకు చెప్పలేదు. నేను కోసుకుని చూడాల్సొచ్చింది."

"అవును."

"నేను కొయ్యకపోతే?"

బయట చినుకులు రేకుల మీద పడి టపటపమంటున్నాయి.

"ఏమో," అన్నారు చివరికి. "నీకు అబద్ధం చెప్పలేను. ఏమో."

ఆ ఒక్క మాటతో మెర్సీ లోపల ఇన్నాళ్లూ నిలబడివున్నదేదో కూలిపోయింది. ఆమె కన్నతండ్రి ఆమెకి పదేళ్లప్పుడే పోయేడు. మళ్లీ ఓ తండ్రి దొరికేడనుకుంది. ముక్క బల్ల మీద పెట్టేసి, గోడ వైపు తిరిగి, నోట్లో చీర కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఆయన లేచి దగ్గరకి రాబోయేరు. "వద్దు," అంది ఆమె తిరక్కుండానే. ఆయన అక్కడే ఆగిపోయేరు.

"నాలుగింటికి రామ్మూర్తిగారు వస్తారు కదా," అన్నారు కాసేపటికి. రామ్మూర్తిగారంటే విచారణ చేసే ఆఫీసరు. "అన్నీ చెప్పేస్తాను. కాగితం రాసిచ్చేస్తాను. సువార్తమ్మగారికి కూడా ఇప్పుడే కబురెడతాను. ఆఫీసరుగారి కార్లోనే వస్తారు. ఆవిడ ఎదురుగానే చెప్తాను. తరవాత వాళ్లు కేసు పెడితే పెట్టనీ. వాడి పేరు మీద మచ్చ పోతే చాలు."

ఆయన మెల్లగా నడుచుకుంటూ చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరకి పోయేరు. ఎడంకంట్లో శుక్లం ముదిరి, గడప దగ్గర తడుముకుని దాటేరు. మెర్సీ చూసింది. చూసీ వెళ్లి చెయ్యి పట్టుకోలేదు.

ఆమె మొహం కడుక్కుని వచ్చేసరికి పన్నెండు దాటింది. ఆఫీసరుకి చూపించాలంటే ఒక్క ముక్క చాలదు. రెక్క మీద ఆయన వేసిన సగం ఏదో, జాయ్ వేసిన సగం ఏదో సుద్దతో గుర్తుపెట్టి ఉంచాలి. ఇంతసేపటికీ చేతికి ఓ పని దొరికినట్టయింది. కిరసనాయిలు డబ్బా, తీగ బ్రష్షు తీసుకుని దిమ్మ దగ్గర కూర్చుంది.

ప్రమాదం తరవాత బావిలోంచి బయటికి తీసిన ఆ దిమ్మ మీద ఆరునెలల బురద సిమెంటులా గట్టిపడిపోయి ఉంది. మూడో రెక్కలో ఒక సగం మీద పొర గీతలు పడి, నలిగి ఉంది గానీ ఊడలేదు. రెండో సగం మీద దాదాపు అంతా లేచిపోయింది. అంచున మాత్రం వేలెడు వెడల్పున మిగిలింది. పొద్దున్న ఆమె ముక్క కోసింది ఆ అంచులోంచే. మధ్యలో, ఒకరు ఆపి మరొకరు ఎత్తుకున్న చోట, చిన్న గట్టులా పొర మీద పొర ఎక్కి ఉంది. ఊడింది ఆయన సగమే అనుకుని సుద్ద తీసింది. అయినా అలవాటు కొద్దీ, గీసే ముందు చుక్క కోసం చూసింది.

పొర ఏ కొస నుంచి మొదలెడతారో ఆ కొస దగ్గర సుత్తీ మేకుతో చిన్న చుక్క కొట్టాలి. ఇది కూడా కృష్ణమూర్తిగారు పెట్టిన నియమమే. ఊడని సగం కొసన బురద గీకింది. ఏమీ లేదు. ఇంకా గీకింది. ఉక్కు నున్నగా మెరిసింది. చుక్క లేదు.

రెండో కొసకి జరిగింది. కిరసనాయిలు పోసి, బ్రష్షుతో నాలుగుసార్లు తోమింది. గుండుసూది తలకాయంత గుంట కనబడింది.

ఊడిపోయిన సగం కొసన.

మెర్సీ ఆ గుంట మీద వేలు పెట్టి అలా ఉండిపోయింది. మొదలెట్టిన కొస ఇది. అంటే ఊడింది మొదటి సగం. మొదటి సగం వేసింది జాయ్.

కాదు, ఇందులో ఏదో పొరపాటు ఉందనుకుంది. శబ్దం మిషను తెచ్చింది. గట్టు దాటేక, కృష్ణమూర్తిగారు వేసిన సగమంతా అంగుళం అంగుళం చూసింది. బోలు ఎక్కడా లేదు. పెద్దాయన పాపమని భయపడ్డ ఆ గట్టు కింద కూడా లేదు. అదీ చాలక, ఆ సగంలోంచి ఓ ముక్క కోసింది. నునుపు పట్టి, ఆసిడ్ రాసి, కటకం కింద పెట్టింది. పొర ఎక్కడ మొదలైందో, రెక్క ఎక్కడ ఆగిందో రంగు తేడాని బట్టే తెలియాలి. మధ్యన గీతే లేదు. పుట్టడమే కలిసి పుట్టినట్టున్నాయి రెండూ.

అప్పుడు జాయ్ సగం అంచున మిగిలిన పొరని శుభ్రం చేసి చూసింది. రాపిడితో వేసిన పొర మీద నెలవంకల్లాంటి సన్నటి గీతలు వరసగా పడతాయి. బల్ల నెమ్మదిగా జరిగితే గీతలు దగ్గర దగ్గరగా ఉంటాయి. తొందరగా జరిగితే ఎడంగా పడతాయి. చుక్క నుంచి మొదట జానెడు మేర గీతలు ఒద్దికగా, దువ్వెన పళ్లలా ఉన్నాయి. అక్కణ్ణుంచి ఒక్కసారిగా దూరమైపోయాయి. గట్టు దగ్గరకొచ్చేసరికి గీతకీ గీతకీ మధ్య వేలు పట్టేటంత ఎడం. కడ్డీకి ఉక్కుని వేడెక్కించే వ్యవధే ఇవ్వలేదు. బల్ల మీటని ఎవరో ముందుకి తోసేశారు.

ఎవరో ఏంటి? జాయ్. ఆమె కళ్లకి ఆ చెయ్యి కూడా కనబడుతోంది. బొటనవేలి గోరు నల్లగా ఉండే కుడిచెయ్యి.

ఎందుకు తోసేడో ఆమెకి తెలుసు. ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదు.

ఆవేళ పొద్దున్న పదిన్నరకి నొప్పులు ఎక్కువయ్యేయి. ఫోను చేసింది. అటునుంచి మిషను చప్పుడులో, "పది నిమిషాలే మెర్సీ, ఈ రెక్క అయిపోతే బయల్దేరిపోతా," అన్నాడు. పది నిమిషాలాగి మళ్లీ చేసింది. "వచ్చేస్తున్నా, వచ్చేస్తున్నా," అన్నాడు. అప్పుడు ఆమె అరిచింది. ఆ వార్డులో ఉన్న ఆడవాళ్లంతా ఇటు తిరిగేలా అరిచింది. "ఇక్కడ నేను చచ్చిపోతుంటే నీకు ఆ ఇనుమే ఎక్కువైందా?" అంది. అటువైపు ఒక్క క్షణం మిషను చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు. తరవాత ఫోను పెట్టేశాడు. ఆపరేషను కబురు మూడో ఫోను, అది సువార్తమ్మ చేసింది.

దువ్వెన పళ్లు ఆగిపోయి గీతలు దూరమైన ఆ చోటు మీద మెర్సీ వేలు ఉంది. ఆ మాట ఆమె నోట్లోంచి వచ్చింది ఇక్కడికే.

ఏడుపు రాలేదు. పొద్దున్న గోడకేసి ఏడ్చినదంతా ఎంత తేలికో అనిపించింది. ఎవరి మీదో కోపం ఉన్నప్పుడు ఏడవచ్చు. ఇప్పుడు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? తీసి మళ్లీ వెయ్యకపోవడం తప్పే గానీ, కుళాయి దగ్గర కూర్చుని కాగితం రాసుకుంటున్న ముసలాయన వేసింది ఊడలేదు. తనది కాని తప్పుని ఆరు నెలలు మోసి, ఏడు శనివారాలు తిరిగి, ఇవాళ నెత్తిన పెట్టుకోబోతున్నాడు. వెళ్లి చెప్పెయ్యాలి. ఇప్పుడే వెళ్లి, "బాబాయిగారూ, మీ అతుకు చెక్కుచెదరలేదండీ," అని చెప్పెయ్యాలి.

లేచింది. రెండడుగులు వేసింది. గేటు దగ్గర కారు హారను వినబడింది. గోడ గడియారం మూడూ నలభై చూపిస్తోంది.

రామ్మూర్తిగారు గొడుగు ముడుస్తూ లోపలికొచ్చేరు. ఆయన వెనకాల సువార్తమ్మ. భుజం మీద హెప్సీ నిద్రపోతోంది. ఈ షెడ్డులోకి ఆవిడ రావడం ఇదే మొదలు. కొడుకు ఇన్నేళ్లు పనిచేసిన చోటుని కళ్లు పెద్దవి చేసుకుని ఓసారి చుట్టూ చూసింది.

"వాడి మిషను ఏదమ్మా?" అంది కోడలితో, మెల్లగా.

మెర్సీ చూపించింది. సువార్తమ్మ దగ్గరకెళ్లి, దాని బల్ల మీద చెయ్యేసి, బిడ్డ వీపు నిమిరినట్టు నిమిరి, చెయ్యి తీసేసుకుంది.

కృష్ణమూర్తిగారు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చేరు. చేతిలో రెండు కాగితాలు. మెర్సీ ఆయనకి ఎదురెళ్లింది. "బాబాయిగారూ, ఒక్క నిమిషం, మీతో మాట్లాడాలి..."

"అయిపోనీ అమ్మా," అన్నారాయన. "ఆగితే మళ్లీ చెప్పలేను."

ఆయన వెళ్లి సువార్తమ్మ ఎదుట నిలబడ్డారు. నిలబడ్డం చాలదనిపించిందో ఏమో, మోకాళ్ల మీద కూర్చున్నారు. "చెల్లెమ్మా, మీ అబ్బాయి ఏ తప్పూ చెయ్యలేదండి. చెయ్యకూడని పని చేసింది నేను," అని మొదలెట్టి, పొద్దున్న చెప్పిందంతా చెప్పేరు. లారీ, చల్లారిన అంచు, సంతకం. ఒక్కటి కూడా దాచుకోలేదు. ఆయన ఆపేదాకా సువార్తమ్మ చీర చెంగుతో పాప చెవి మీద వాన తడి తుడుస్తూ నిలబడింది.

"లెగండి అన్నయ్యగారండీ," అంది చివరికి. "పెద్దవారు, నా ముందు అలా కూర్చోకండి. నా కొడుకు ఎలాగూ రాడు. ఆరు నెలలుగా రాత్రీ పగలూ ప్రభువుని ఒకటే అడుగుతున్నానండి. నా బిడ్డ అజాగ్రత్త మనిషా? చిన్నప్పట్నుంచీ చెప్పు విడిస్తే జోడుగా విడిచేవాడు, వాడు అజాగ్రత్త మనిషెలా అవుతాడు ప్రభువా, అని. ఇవాళ మీ నోట్లోంచి నాకు జవాబిచ్చేడు. మీమీద నాకు కోపం రావాలి. వస్తుందేమో, ఇంటికెళ్లేక వస్తుందేమో. ఇప్పుడు మాత్రం నాకు ఊపిరాడినట్టుందండి."

ఆవిడ కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి గానీ మొహం మాత్రం వెలుగుతోంది. జనవరి తరవాత ఆ మొహంలో అలాంటి తేటదనం మెర్సీ చూడలేదు.

రామ్మూర్తిగారు కళ్లజోడు పెట్టుకుని రెండు కాగితాలూ ఆసాంతం చదివేరు. నెమ్మదస్తుడు, మాట కరుకుగా అనరు.

"కృష్ణమూర్తిగారూ, ఇది ఇచ్చాక వెనక్కి తీసుకోడానికుండదు. పోలీసుల దాకా వెళ్తుంది. ఆలోచించుకునే రాశారా?"

"ఆయ్. ఆలోచించే రాశానండి."

"సరే. మొదటి రిపోర్టు మారుతుంది. జాయ్ తప్పు లేదని రాస్తాను." ఆయన కాగితాలు బల్ల మీద పరిచి, కలం మూత తీసి మెర్సీ వైపు జరిపేరు. "మెర్సీగారూ, దిమ్మ కోసి పరీక్ష చేసింది మీరు కనక సాక్షిగా మీ సంతకం ఉండాలి. కింద, ఇక్కడ. ఇందులో రాసిందంతా మీరు చూసినదానితో సరిపోయిందా అమ్మా?"

కృష్ణమూర్తిగారు ఆమె వైపు చూసేరు. "పెట్టమ్మా," అన్నట్టు తల ఊపేరు.

మెర్సీ కలం తీసుకుంది. కాగితం మీద ఆయన గుండ్రటి అక్షరాలు, పక్కన కోసిన రెండు ముక్కలు. ఒకదాంట్లో నల్లగీత ఉంది, ఒకదాంట్లో లేదు. సంతకం పెడితే మచ్చ లేని కొడుకు ఆ తల్లికి దక్కుతాడు. మచ్చలేని తండ్రి హెప్సీకి దక్కుతాడు. ఆ వార్డులో అరిచిన మాట తనతోనే పోతుంది. కృష్ణమూర్తిగారు మాత్రం ఈ వయసులో పోలీసు జీపెక్కి వెళ్తారు.

కలం కాగితానికి ఆనింది. సిరా చుక్క ఊరింది. ఆమె దాన్ని పైకెత్తేసింది.

"అత్తయ్యా," అంది. కలం బల్ల మీద పెట్టేసింది. మళ్లీ అంది. "అత్తయ్యా, పాపని తీసుకుని మీరు కాసేపు బయట కూర్చుంటారా? నేను రామ్మూర్తిగారితో ఓ మాట చెప్పాలి."

సువార్తమ్మ కోడలి మొహంలోకి చూసింది. తరవాత బల్ల మీదున్న రెండు ముక్కల్ని చూసింది. ఇనుము గురించి ఆవిడకేమీ తెలియదు. కోడలి మొహం గురించి తెలుసు.

పాపని రెండో భుజం మీదకి మార్చుకుని, పక్కనున్న చెక్కపెట్టెని కాలితో దగ్గరకి లాక్కుని, దాని మీద స్థిమితంగా కూర్చుంది.

"నా కొడుకు సంగతేనా?" అంది. "అయితే నా ముందే చెప్పు."